బిజినెస్ క్లబ్‌లో చేరిన పిల్లలకు: తొలి ఏడాది అడగడమే మీ పని

జూన్‌లో బడులు తెరిచాక వచ్చే రెండో శనివారం కోసం నేను ఏటా ఎదురుచూస్తాను. బెజవాడ పటమటలో ఒక స్కూల్లో, వ్యాపార పోటీలకు తయారయ్యే బిజినెస్ క్లబ్ పిల్లలకు ఆరేళ్లుగా శనివారాలు క్లాసు చెబుతున్నాను. మిగతా వారమంతా గవర్నర్‌పేటలో నా ఆఫీసు, చిన్న వ్యాపారుల ట్యాక్సు లెక్కలు. ఆ శనివారం తొమ్మిదో తరగతి, పదకొండో తరగతి నుంచి కొత్తవాళ్లు ఇరవై ముప్పై మంది వస్తారు. తల నున్నగా దువ్వుకుని, కొత్త నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చుంటారు. నేను మొదట అడిగేది ఒకటే. "ఈ వారంలో మీకు తెలియని సంగతి తెలుసుకుందామని ఎవరినైనా ఏదైనా అడిగారా? ఏం అడిగారు?"

గదిలో చప్పుడుండదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చాలాసేపటికి ఒక చెయ్యి లేస్తుంది. "యూనిట్ టెస్టుకి సిలబస్ ఎంతవరకు అని అడిగాను మేడమ్."

వాళ్ల తప్పేం లేదు. ఎల్‌కేజీ నుంచి మనం పిల్లలకు నేర్పుతున్నది జవాబు చెప్పడం. ప్రశ్న ఎప్పుడూ టీచరుదో, పేపరుదో. ఇచ్చిన నాలుగు ఆప్షన్లలో సరైనది పట్టుకోవడంలో మా బెజవాడ పిల్లలు దిట్టలు. ఊరంతా పరుచుకున్న హాస్టళ్లలో అర్ధరాత్రి దాకా లైట్లు వెలిగేది దానికోసమే. ఆ కష్టాన్ని నేను తక్కువ చేయను. ఆ దారిలో ఎంతోమంది బాగుపడ్డారు. కానీ అదే అలవాటుతో బిజినెస్ క్లబ్‌కి వస్తే మొదటి సంవత్సరం చేతికి ఏమీ రాదు. అందుకే కొత్తవాళ్లకు గట్టిగా చెబుతున్నాను: ఈ ఏడాది స్టేజీ మీద మాట్లాడటం గురించి బెంగ పెట్టుకోకండి, స్లైడ్ల జోలికి పోకండి, కప్పు సంగతి అసలే వద్దు. అడగడం నేర్చుకోండి. అడగడం రాకముందే మాట్లాడటం వచ్చేస్తే, ఆ మాటలకు అడుగున ఏమీ ఉండదు. దాన్ని తర్వాత సరిచేయడం నావల్ల కాలేదు. ప్రయత్నించాను కనుకే చెబుతున్నాను.

ముందు ఈ పోటీలు ఎలా ఉంటాయో తెలియాలి. హైస్కూలు పిల్లలకు వ్యాపార పోటీలు అమెరికాలో పాత సంగతి. ఎఫ్‌బీఎల్‌ఏ అనే సంఘం తొలి శాఖ 1942లో టెన్నెసీ రాష్ట్రంలోని జాన్సన్ సిటీలో పెట్టారు. డెకా అనే ఇంకొకటి 1946లో మొదలైంది. మా అక్క కొడుకు డాలస్ దగ్గర చదువుతూ డెకాలో ఉన్నాడు, వాడి దగ్గర వివరంగా అడిగి తెలుసుకున్నాను. కొత్తగా చేరినవాళ్లకు అక్కడ ప్రిన్సిపుల్స్ అని వేరే విభాగమే ఉంది. ముందు 100 ప్రశ్నల పరీక్ష. తర్వాత చేతికి ఒక కాగితం ఇస్తారు: నువ్వు ఫలానా హోటల్లో ఉద్యోగివి, అక్కడొచ్చిన చిక్కు ఇది, మీ మేనేజర్‌తో మాట్లాడు. ఆలోచించుకోవడానికి 10 నిమిషాలు, ఎదుట కూర్చుని మాట్లాడటానికి 10 నిమిషాలు. మేనేజర్ పాత్ర జడ్జిగారే వేస్తారు. ఇద్దరు కలిసి చేసే టీమ్ విభాగంలో ఆలోచించడానికి 30 నిమిషాలు, మాట్లాడటానికి 15. ఇంటి దగ్గర తయారుచేసుకొచ్చిన స్లైడ్లు ఇక్కడ పనికిరావు. అప్పటికప్పుడు రాసుకున్న కాగితం ముక్కే ఆధారం.

మన దగ్గర ఇంత పద్ధతిగా జరగదు. సీబీఎస్‌ఈలో పదకొండు, పన్నెండు తరగతులకు ఎంట్రప్రెన్యూర్‌షిప్ అని ఒక సబ్జెక్టు ఉంది. ఢిల్లీ ప్రభుత్వం 2021లో బిజినెస్ బ్లాస్టర్స్ పేరుతో ప్రభుత్వ బడుల పిల్లలకు తలా రూ.2,000 పెట్టుబడి ఇచ్చి సొంతంగా ఏదైనా నడపమంది. నాకు ఎంతో నచ్చిన పని అది. అదే ఏడాది డిసెంబరులో, పెట్టుబడిదారుల ముందు తమ వ్యాపారం గురించి చెప్పి డబ్బు అడిగే షో, షార్క్ ట్యాంక్ ఇండియా టీవీలో వచ్చింది. నేను చూసినంతలో మా ఊరి ప్రైవేటు స్కూళ్లలో క్లబ్బులు ఎక్కువైంది ఆ తర్వాతే. టీవీలో చూసి వచ్చిన పిల్లలందరికీ అలాంటి పిచ్ కావాలి. మైకు పట్టుకుని, "మా కంపెనీ వాల్యుయేషన్ ఇంత" అనాలి. కేసు ఇచ్చి, అంటే ఒక వ్యాపారంలో వచ్చిన చిక్కు కాగితం మీద ఇచ్చి, మాట్లాడించే పోటీకి రమ్మంటే వెనక్కి జరుగుతారు. కొత్తవాళ్లు చేరాల్సింది మాత్రం అందులోనే. పిచ్‌లో వారం రోజులు బట్టీ పట్టిన మాట గట్టెక్కించేస్తుంది. కేసులో అలా కుదరదు.

మా క్లబ్‌లో ప్రతి కేసుకూ రెండు కాగితాలు తయారుచేస్తాను. ఒకటి పిల్లలకు, ఒకటి జడ్జికి. జడ్జి కాగితంలో పిల్లలకు ఇవ్వని సంగతులు నాలుగైదు కావాలనే పెడతాను. పిల్లలు అడిగితేనే చెప్పాలని షరతు. మొదటి నెలలో దాదాపు ఎవరూ అడగరు. కాగితంలో ఉన్నదే చిలవలు పలవలు చేసి చెప్పి, "థాంక్యూ" అని లేచిపోతారు.

అందుకే మొదటి నెల క్లాసు గదిలో పెట్టను. నలుగురేసి పిల్లల్ని బళ్ల దగ్గరికి, కొట్లకి తీసుకెళ్తాను. మూడేళ్ల కిందటి ఒక సాయంత్రం గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మా స్కూలుకి నాలుగు వీధుల అవతల ఒక పునుగుల బండి ఉంది. యాభై దాటిన ఆయన, ఆయన భార్య నడుపుతారు. ఐదింటికి వెళ్లాం. ఆయన స్టీలు బేసినులో పిండి కలుపుతున్నాడు. పిడికిట్లోకి తీసుకుని, బొటనవేలితో ఒక్కొక్కటీ మూకుట్లోకి జారవిడుస్తున్నాడు. ఒక వాయికి ముప్పై పైనే పడుతున్నాయి. ఆవిడ పక్కన చట్నీ గిన్నెలు సర్దుతోంది. మాతో వచ్చిన వాళ్లలో బాగా మాట్లాడే అబ్బాయి ఒకడు. వెళ్తూనే, "అంకుల్, మీకు రోజుకి ప్రాఫిట్ ఎంత?" అన్నాడు. ఆయన మూకుడు మీంచి చూపు తిప్పకుండా, "ఏదో గడిచిపోతంది నాన్నా" అన్నాడు. అబ్బాయి నోటుబుక్కులో ఏం రాయాలో తెలియక నిలబడిపోయాడు.

ఇంకో అమ్మాయి ఉంది. తొమ్మిదో తరగతి, బెరుకు ఎక్కువ. పది నిమిషాలు ఏమీ అనలేదు. పునుగులు తింటూ మూకుడు వంకే చూస్తోంది. చివరికి చిన్న గొంతుతో అడిగింది. "బాబాయ్, నూనె ఇంత తగ్గిపోయింది కదా, కొత్త నూనె పొయ్యరేం?"

ఆయన తలెత్తి చూశాడు. "ఇప్పుడు పోస్తే మూకుడు చల్లబడుద్దమ్మా. చల్ల నూనెలో పునుగు నూనె తాగుద్ది. నాకు నూనే పోద్ది, తిన్న మనిషీ మళ్లీ రాడు. ఈ వాయి తీసేసి, మంట పెంచి, అప్పుడు పోస్తా."

అక్కణ్నుంచి మొదలైన మాటలు ముప్పావుగంట సాగాయి. వానొస్తే ఏం చేస్తారని అడిగింది. పొద్దున్నే మబ్బు చూసి పిండి రుబ్బుకుంటామని, మిగిలిన పిండి మర్నాడు కొత్త పిండిలో సగం కలపొచ్చని, మూడో రోజు పులుపెక్కి పారబోయడమేనని ఆవిడ చెప్పింది. గ్యాస్ గురించి అడిగితే 19 కిలోల కమర్షియల్ సిలిండర్ ఎన్ని సాయంత్రాలు వస్తుందో వేళ్లమీద లెక్కపెట్టి చూపించాడు. శనివారం ఎక్కువ అమ్ముతాయా, సోమవారమా అంటే, నెల మొదటి వారమా ఆఖరి వారమా అని అడగాలమ్మా అన్నాడు. జీతాల రోజులను బట్టి ఆయన వ్యాపారం నడుస్తుంది. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ ఆ అమ్మాయికి దొరికి ఉండేది కాదు.

బండి ఎలా కొన్నారని అడిగితే అసలు సంగతి బయటపడింది. డైలీ ఫైనాన్స్. చేతికి 9,000 ఇస్తారు, రోజుకి 100 చొప్పున 100 రోజులు కట్టాలి. అంటే 10,000. మా మాట్లాడే అబ్బాయి వెంటనే, "థౌజండే కదా అంకుల్, పదకొండు పర్సెంట్" అన్నాడు. నేను ఏమీ అనలేదు. తర్వాతి శనివారం బోర్డు మీద వేయించాను. వడ్డీ 1,000 నిజమే. కానీ అసలు రోజూ తీరిపోతూ వస్తోంది గనక ఆయన చేతిలో సగటున నిలిచే అప్పు నాలుగున్నర వేల చిల్లరే. పైగా అది వంద రోజుల అప్పు. ఏడాదికి లెక్కగడితే 75 శాతం దాటింది. గది అంతా నోట మాట లేకుండా బోర్డు వైపు చూసింది. బజార్లో "నూటికి రెండు" అంటే నెలకి రెండు రూపాయలని, అంటే ఏడాదికి 24 శాతమని కూడా ఆ రోజే చాలామందికి తెలిసింది. రెండు శాతం వడ్డీ అని ప్రాజెక్టుల్లో రాసేసిన పిల్లలున్నారు.

మరి బ్యాంకుకి వెళ్లలేదేం అని పిల్లలు అడిగారు. వీధి వ్యాపారులకు 2020లో పీఎం స్వనిధి పథకం వచ్చింది, తొలి విడత రూ.10,000 ఇచ్చేవారు, 2025లో దాన్ని రూ.15,000 చేశారు. ఆ పథకం గురించి ఆయన విన్నాడు. కానీ కాగితాల కోసం రెండు మూడు రోజులు తిరిగితే రెండు మూడు సాయంత్రాలు బండి పెట్టలేడు. ఫైనాన్స్ అబ్బాయి బండి దగ్గరికే వచ్చి డబ్బిచ్చి వెళ్తాడు. తెలివితక్కువై ఎక్కువ వడ్డీ కడుతున్నాడనుకున్న పిల్లలకు, ఆయన లెక్కలో సమయానికి కూడా ధర ఉందని అర్థమైంది.

ఆ రోజు తిరిగొస్తూ అబ్బాయి ఉత్సాహంగా, "మేడమ్, ఈ అంకుల్‌కి ఒక యాప్ చేసిద్దాం, ఆర్డర్లు పెరుగుతాయి" అన్నాడు. అమ్మాయి ఆగి, "ఆరున్నరకి జనం నిలబడే ఉన్నారు కదా, ఇంకా ఆర్డర్లొస్తే ఏ మూకుట్లో వేస్తారు?" అంది. అక్కడున్నది ఒకే మూకుడు, ఒకే మంట. రద్దీ వేళ ఆయనకు కొరతగా ఉన్నది కస్టమర్లు కారు, మూకుడు. యాప్ పెడితే నిలబడేవాళ్లు పెరుగుతారు, విసుక్కుని వెళ్లిపోయేవాళ్లు పెరుగుతారు. పెద్ద కంపెనీల్లో దీనికి బాటిల్‌నెక్ అని పేరు. ఆ పేరు తెలియని తొమ్మిదో తరగతి పిల్ల దాన్ని కళ్లతో చూసి పట్టుకుంది.

అబ్బాయి తెలివిలేనివాడు కాదు, ఇప్పుడు బాగా రాణిస్తున్నాడు కూడా. అతనికి అలవాటైన ప్రశ్న జవాబు కోసం అడిగే ప్రశ్న, అంతే. లాభం ఎంత అని పరిచయం లేనివాళ్లను ఎవరూ అడగరు, అడిగితే ఎవరూ చెప్పరు. మా నాన్నకి వన్‌టౌన్‌లో కాగితం టోకు కొట్టు ఉండేది. ఆయన్ని ఎవరైనా "వ్యాపారం ఎలా ఉంది" అంటే ముప్పై ఏళ్లూ "ఫర్వాలేదు" అనే మాటే. అదే, "ఈ రీముల అంచులు పసుపెక్కాయేంటండీ" అని అడిగితే గోడౌన్ చెమ్మ దగ్గర్నుంచి మిల్లు దాకా కథంతా చెప్పేవారు. నష్టం గురించి, పాడైపోయేదాని గురించి, పారబోసేదాని గురించి అడగండి. మనుషులు తమ కష్టం చెప్పుకోవడానికి ఇష్టపడతారు. వ్యాపారం ఎలా నడుస్తుందో అందులోనే బయటపడుతుంది.

వెళ్లేటప్పుడు కొన్ని మర్యాదలు పాటించండి. రద్దీ వేళ వద్దు. ముందు ఏదైనా కొనండి. ఫోను తీసి రికార్డింగ్ పెట్టకండి, ట్యాక్సువాళ్లో పేపరువాళ్లో అనుకుని నోరు మూసుకుంటారు. అంకుల్, ఆంటీ అనడం కన్నా బాబాయ్, పిన్నిగారు అంటే మాట తొందరగా కలుస్తుంది. చెప్పిన అంకెలు ఎదురుగా రాయకండి, పక్క సందులోకి వెళ్లి రాసుకోండి. ఆ మనిషి చెప్పిన లెక్కలు పోటీలో వాడితే పేరు, చోటు చెప్పకండి.

సరే, అడగడం వచ్చింది. ఆ తర్వాత ఎవరిని అడగాలి? నన్నడిగితే మొట్టమొదట మిమ్మల్ని మీరే.

రెండేళ్ల కిందట మా పిల్లలే ఒక ప్రదర్శనలో ఆవకాయ స్టాల్ పెట్టారు. పావుకిలో సీసాలు 40. సీసాకి ఖర్చు 90 అయింది, 120కి అమ్మారు. మధ్యాహ్నానికల్లా సరుకంతా అయిపోయింది. ఎగిరి గంతేశారు, వాట్సాప్ స్టేటస్‌లు పెట్టారు, ప్రిన్సిపల్ మేడమ్ అసెంబ్లీలో చప్పట్లు కొట్టించారు. సోమవారం నేను ఒకటే అడిగాను. "స్టాల్ అద్దె ఎంత?" 1,500. సీసాకి మిగిలేది 30. అద్దె తీరాలంటే 50 సీసాలు అమ్మాలి. వాళ్లు చేసిందే 40. ఆఖరి సీసా దాకా అమ్ముకుని కూడా 300 నష్టం. ఇంకా దారుణం ఏమిటంటే, సీసాలకు మూత పెట్టకముందే, మామిడికాయ కొట్టకముందే ఆ నష్టం ఖాయమైపోయింది. ఎన్ని అమ్మితే అద్దె తీరుతుంది అనే ప్రశ్న ఒక్కరికైనా వచ్చి ఉంటే ఇంకో పది సీసాలు చేసేవారు, లేదంటే స్టాలే వద్దనుకునేవారు. ఆ పిల్లల్లో ఒకరు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఓదార్చాను గానీ, ఆ 300 వాళ్ల జేబుల్లోంచే పెట్టించాను. ఆ సొమ్ము స్కూలు సర్దేస్తే ఆ పాఠం ఎవరికీ గుర్తుండదు.

అలాంటిదే మార్జిన్ గొడవ. 80కి కొని 100కి అమ్మితే లాభం ఎంత శాతం? కొన్న ధర మీద 25, అమ్మిన ధర మీద 20. రెండూ సరైనవే. బజార్లో కొందరు అలా, కొందరు ఇలా చెబుతారు. మా జట్టు ఒకసారి "25 శాతం మార్జిన్" అని చెప్పి, తర్వాతి స్లైడులో అమ్మకాల మొత్తానికి ఆ 25 శాతం వర్తింపజేసింది. జడ్జిగా వచ్చిన పెద్దాయన మెల్లగా, "దేని మీద బాబూ?" అని అడిగారు. నలుగురిలో ఒక్కరి దగ్గరా జవాబు లేదు. ఏ శాతం కనబడినా 'దేని మీద?' అని మీలో మీరు అనుకోండి. అలవాటు పడటానికి నెల పడుతుంది.

సీనియర్ల స్లైడ్లు తీసుకుని పేర్లు మార్చి వాడే అలవాటు ప్రతి క్లబ్‌లోనూ ఉంది, మా దగ్గరా ఉంది. కిందటిసారి ఒక జట్టు జీఎస్టీ 12 శాతం అని చూపించింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ శ్లాబే ఎత్తేశారు, ఇప్పుడు ప్రధానంగా ఉన్నవి 5, 18. ఇంట్లో నాలుగు కొత్త బిల్లులు చూసినా తెలిసిపోయేది. తప్పు అంకె రావడం కన్నా, ఆ అంకె ఎక్కడిదని నలుగురిలో ఒక్కరూ అడగకపోవడమే నన్ను బాధపెట్టింది.

ఇంగ్లీషు గురించి చాలామంది చెవిలో చెబుతారు. "మేడమ్, నాకు ఫ్లూయెన్సీ లేదు, టెన్షన్ వస్తుంది." పోటీలు ఇంగ్లీషులోనే జరుగుతాయి, కాదనను. కానీ ఆలోచన తెలుగులో చేయండి. ఇచ్చిన పది నిమిషాల్లో కాగితం మీద తెలుగులోనే రాసుకోండి. గిట్టుబాటు, తరుగు, అరువు, సరుకు కదలడం, డబ్బు ఇరుక్కుపోవడం: మన బజారు మాటల్లో వ్యాపారమంతా ఉంది. 'వర్కింగ్ క్యాపిటల్' అనే మాట బట్టీ పట్టిన పిల్లవాడికన్నా, 'డబ్బంతా అరువులో ఇరుక్కుపోయింది' అని అర్థమైన పిల్లవాడు చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లోనే మెరుగ్గా చెబుతాడు. ప్రశ్న అడగడానికి పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. 'వెన్ డిడ్ ఇట్ స్టార్ట్', 'హూ డిసైడ్స్', 'వాట్ హ్యాపెన్స్ ఇఫ్ వీ వెయిట్', ఈ మూడూ ఆరో తరగతి పిల్లలకు కూడా వచ్చిన మాటలే.

పార్ట్‌నర్ విషయంలో నా మాట పిల్లలకు నచ్చదు. ప్రాణస్నేహితులు జట్టుగా ఉండకండి. స్నేహితులు ఒకరి తప్పు ఒకరు కప్పుకుంటారు. 'ఈ అంకె ఎక్కడిది' అని ముఖం మీదే అడిగేవాళ్లను వెతుక్కోండి. కాస్త చిరాకు పుట్టించే మనిషైనా సరే.

ఇక అమ్మానాన్నలు. "ఇది ఈఏపీసెట్‌కి పనికొస్తుందా అండీ?" అని ఏటా ఒకరైనా అడుగుతారు. రాదు. ర్యాంకు ఒక్కటీ పెరగదు. ఎంఈసీ తీసుకుని సీఏ వైపు వెళ్లేవాళ్లకు మేలు జరుగుతుంది గానీ, దానికోసమని కూడా నేను చెప్పను. పదిహేనేళ్ల పిల్లకి డైలీ ఫైనాన్స్ లెక్క తెలిస్తే, రేపు ఏ ఫోను యాప్‌లో అప్పు తీసుకునేటప్పుడో ఆ లెక్క వేసుకుంటుంది. నాకు అది చాలు. ఆడపిల్లల్ని బజారుకి పంపడానికి కొందరు ఇష్టపడరు. వాళ్ల ఇళ్లకి నేనే వెళ్లి మాట్లాడతాను. ఒకరిద్దరు తల్లులు మాతోపాటు వచ్చారు. మార్కెట్లో ఏం అడగాలో మా అందరికన్నా వాళ్లకే బాగా తెలుసని అరగంటలో తేలిపోయింది.

డబ్బు విషయంలో మాత్రం జాగ్రత్త. ఒకసారి వేరే ఊళ్లో జాతీయ స్థాయి పోటీ అని చెప్పి, ఒక సంస్థ పిల్లకింత అని ఫీజు కట్టించుకుంది. వసతికి అదనం. పది మందిమి రైల్లో వెళ్లాం. ఒక్కో జట్టుకి రెండు నిమిషాలు. జడ్జి ఫోను చూసుకుంటూనే ఉన్నాడు. సాయంత్రం వచ్చిన జట్లన్నిటికీ ఏదో ఒక 'బెస్ట్' ట్రోఫీ ఇచ్చి పంపారు. తిరుగు రైల్లో పిల్లలు ట్రోఫీ పట్టుకుని సంబరపడుతుంటే, ఆ ఫీజు కోసం ఇంట్లో చిట్టీ డబ్బు తీసిచ్చిన తండ్రి ఒకాయన నాకు గుర్తొస్తూనే ఉన్నాడు. వాళ్లను ముందే నాలుగు మాటలు అడిగి ఉండాల్సింది నేను: జడ్జీలు ఎవరు, ఒక్కో జట్టుకి ఎంతసేపు, మార్కుల షీటు మాకు ఇస్తారా, కిందటేడు వచ్చిన స్కూలువాళ్లతో మాట్లాడొచ్చా. ఇప్పుడు ఆ నాలుగింటికీ సరైన జవాబు వస్తేనే ఫీజు కడుతున్నాం. మీ స్కూలు కట్టమన్నా మీరు అడగండి, మర్యాదగా, అమ్మానాన్నల చేత అడిగించండి.

పుస్తకాల్లో సప్లయి, డిమాండ్ చదివి విసిగిపోయినవాళ్లకు గుంటూరు మిర్చి యార్డు చూపిస్తాను. ఫిబ్రవరిలోనో మార్చిలోనో, తెల్లవారుజామునే బయల్దేరతాం. టిక్కీల, అంటే మిర్చి బస్తాల, మధ్య నిలబడితే ఘాటుకి కళ్లలోంచి నీళ్లు కారతాయి, చేతిరుమాలు తడిపి ముక్కుకి కట్టుకోవాలి. పక్కపక్కన రెండు లాట్లు, రెండూ తేజ రకమే, ధరలు వేరు. ఎందుకని ఒక పిల్లవాడు హమాలీ తాతని అడిగాడు. ఆయన ఒక కాయ తీసి విరిచాడు, చిటుక్కుమంది. రెండో లాట్లోది విరిచాడు, మెత్తగా వంగింది. తేమ. తర్వాత రంగు పోయిన తాలు కాయలు ఏరి చూపించాడు. ధర బాగాలేకపోతే రైతు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని ఆగొచ్చు కదా అని ఇంకొకడు అన్నాడు. ఆగొచ్చు, అద్దె కట్టాలి, అప్పు మీద వడ్డీ నడుస్తూ ఉంటుంది. అప్పు లేని రైతు ఆగుతాడు, ఉన్న రైతు ఆ రోజు పలికిన ధరకే ఇచ్చి ఇంటికి వెళ్తాడు. తిరుగుదారిలో వ్యాను మంగళగిరి దాటేదాకా ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

పోటీ రోజుకి రెండు మూడు మాటలు. చేతికి వాచీ పెట్టుకోండి, ఫోను లోపలికి రానివ్వరు. కాగితం ఇవ్వగానే సగం పేజీ మీద తెలిసినవి, సగం పేజీ మీద తెలియనివి రాయండి. తెలియనివాటిలో దేనికి జవాబు మారితే మీ సలహా మొత్తం మారిపోతుందో దానికి చుట్టూ గీత గీయండి. లోపలికి వెళ్లి నమస్కారం పెట్టాక దాన్నే ముందు అడగండి. జడ్జి చెప్పకపోతే, "ఇలా అనుకుని చెబుతున్నానండి" అని ఊహను బయటపెట్టి ముందుకెళ్లండి. మార్కులు పోతాయని భయపడకండి. పోయినా పోనివ్వండి, ఇది మీ మొదటి ఏడాది.

పునుగుల బండి దగ్గర నూనె గురించి అడిగిన అమ్మాయి మొదటి ఏడాది ఏ పోటీలోనూ గెలవలేదు. రెండుసార్లు సమయం చాలక మధ్యలోనే ఆపేసింది. పదో తరగతిలో, డిసెంబరు నెల, క్లబ్ లోపలి పోటీకి నేను ఇచ్చిన కేసు ఒక స్వీట్ షాపు గురించి: ఆన్‌లైన్‌లో చెడ్డ రివ్యూలు పెరుగుతున్నాయి, ఏం చేద్దాం? అంతకుముందు వచ్చిన ఐదు జట్లూ డిస్కౌంట్ కూపన్లు, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ అంటూ చెప్పి వెళ్లాయి. జడ్జిగా కూర్చున్నది బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టు నడిపే మా పాత క్లయింటు. ఈ అమ్మాయి వచ్చి, కూర్చుని, కాగితం ఒళ్లో పెట్టుకుంది. "సార్, ఈ రివ్యూలు ఏ నెల నుంచి మొదలయ్యాయి? ఆ నెలలో మన షాపులో ఏం మార్చాం?"

ఆయన నా వైపు చూశారు. తర్వాత చేతిలో కాగితం తిప్పి, పొద్దుట్నుంచి ఎవరూ చదివించని వెనక పేజీ చదవడం మొదలుపెట్టారు. నెయ్యి సరఫరాదారుణ్ని మార్చిన తేదీ అక్కడ రాసి ఉంది.